మర్యాదగా 'రండండీ' అన్నాను, అంతే!

ఒక్క మాటతో అమెరికా సైనికుణ్ణి పరిగెత్తించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి, నేనే! చేతిలో తుపాకీ లేదు, కర్రయినా లేదు. చేతుల నిండా చిలకలపూడి గాజులు, బుగ్గన ఒక వక్కముక్క, అంతే. మొన్న ఆదివారం దివిసీమలో మా తమ్ముడి ఊళ్ళో, ఊరు ఊరంతా చూస్తుండగా జరిగింది. అప్పటినుంచీ ఆ మాట నాలిక చివరిదాకా వస్తే వక్కతో పాటు మింగేస్తున్నాను.

మాది బందరు ఇంగ్లీషుపాలెం. పేరుకే ఇంగ్లీషు, నాకొచ్చింది 'ఎస్సు', 'థాంక్యూ', ఇంకా 'టీ'. మా చెల్లెలు కరుణ మాత్రం నర్సుగా ఇంగ్లండు వెళ్ళి, హ్యారీ అనే ఆయన్ని చేసుకుని అక్కడే ఒక పల్లెటూళ్ళో ఉండిపోయింది. ఆ ఊరిని ఆనుకునే అమెరికా వాళ్ళ విమానాల బేస్. ఒక్కో విమానం లేస్తే మా చెల్లెలి వంటింట్లో కప్పులూ సాసర్లూ లేచి కోలాటం ఆడతాయట! సరే, కాస్త కదులుతాయని అది చెప్పింది, కోలాటం నేను కలిపాను.

ఊరివాళ్ళకీ బేస్ వాళ్ళకీ ఎదురుపడితే నవ్వులు, వెనకాల గొణుగుళ్ళు. "మా సందుల్లో ఏనుగుల్లాంటి ఆ కార్లేంటి?" అని వీళ్ళు. "ఈ ఊళ్ళో టీ తప్ప వేడిగా ఏదీ దొరకదేంటి?" అని వాళ్ళు. సరిగ్గా అలాంటి చోట కరుణ కూతురు గ్రేస్ ఒక బేస్ కుర్రాణ్ణి ఇష్టపడింది. పేరు ఆండీ.

హ్యారీ మరిదిగారు ససేమిరా అన్నారు. "బేస్ వాళ్ళంతా ఒకటే. పోస్టింగ్ మారిందంటే పరుగే పరుగు. వెనక్కి తిరిగి చూడరు." ఊరికే అన్నమాట కాదది. పూర్వం ఆయన అక్కగారికి అలాంటివాడే ఒకడు మాటిచ్చి, బదిలీ రాగానే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడట. ఆవిడ ఇక పెళ్ళే చేసుకోలేదు.

"అక్కా, నలుగురం బందరు వస్తున్నాం," అంది కరుణ ఫోన్లో. "కుర్రాణ్ణి దగ్గరగా చూసి, తిరిగెళ్ళేలోపు అవునో కాదో చెప్తానన్నారు ఈయన. గ్రేస్ తిండి మానేసింది. నువ్వు మాత్రం ఏ పొరపాటూ చెయ్యకే."

"నా సంగతి నీకు తెలీదూ?"

"తెలుసు కాబట్టే చెప్తున్నాను."

వచ్చారు. కుర్రాడు కొబ్బరిచెట్టంత ఉన్నాడు. లోపలికి వస్తుంటే మా ఇంటి గుమ్మమే వంగింది! పాపం, ఎంత వినయమో. కానీ మొదటి గంటలోనే గొడవ మొదలైంది. "కూర్చోండండీ," అన్నాను. "ఎస్, మేడమ్?" అని లేచాడు. "మంచినీళ్ళండీ," అంది మా కోడలు. "ఎస్, మేడమ్?" మర్నాడు పొద్దున్నే గుమ్మంలో "పాలండీ!" అని కేక. ఆండీ పరిగెత్తుకెళ్ళి పాలవాడితో చెయ్యి కలిపి, "నో పాల్. జస్ట్ ఆండీ," అని చెప్పొచ్చాడు.

అప్పుడు అర్థమైంది నాకు. మన అండీకి దీర్ఘం తగిలిస్తే వాడి పేరు! మనమేమో ఊపిరి తీసినప్పుడల్లా అండీ అంటాం కదా.

సాయంత్రం గ్రేస్‌తో మురిసిపోతూ ఏదో చెప్తున్నాడు. ఆ పిల్ల వచ్చీరాని తెలుగులో నాకు చెప్పింది. "పెద్దమ్మా, మా ఊళ్ళో ఆండీని అందరూ 'ఆ యాంకీ' అంటారు, అమెరికావాడని. పేరు ఎవరూ పిలవరు. డాడీ కూడా. ఇక్కడ వీధి అంతా ఆండీ, ఆండీ అంటున్నారట. చాలా హ్యాపీ."

కరుణ అసలు సంగతి చెప్పబోయింది. నేను దాని తొడ మీద గిల్లి, "అవునమ్మా, బందరు మొత్తం ఇతని పేరే చెప్పుకుంటోంది. గుడివాడ దాకా తెలిసిపోయింది!" అన్నాను. పిల్లాడు సంతోషపడుతుంటే నాకేం పోయింది?

పోయింది, చెప్తాను.

మరిదిగారు మాత్రం పేపరు పైనుంచి వాణ్ణే చూస్తున్నారు. వాడు వీధిలోకి వెళ్తే చాలు, గడియారం చూస్తారు. అవుననరు, కాదనరు. నాకు బీపీ మాత్ర వేసుకున్నానో లేదో కూడా గుర్తుండటం లేదు. ఎంత కారం పెడితే కోపం వస్తుందో, ఎంత తగ్గిస్తే చప్పగా ఉందంటారో! పులుసులో గరిట తిప్పుతూ ప్రార్థన, ప్రార్థన మధ్యలో ఉప్పు.

ఆదివారం మా తమ్ముడు దేవదానం భోజనానికి పిలిచాడు. కారు పులిగడ్డ వారధి ఎక్కగానే ముందు సీట్లోంచి మరిదిగారు ఇంగ్లీషులో ఏదో అన్నారు. కరుణ నా చెవిలో, "భోజనాలయ్యాక చెప్పేస్తారట అక్కా," అంది. నా గుండె చప్పుడుకి వారధే అదిరిపోయింది.

దేవదానం ఇంటికి కారు వెళ్ళదు. కాలవ దగ్గర దిగి, కొత్తగా నాట్లు ఊడ్చిన చేల మధ్య గట్టు మీద నడవాలి. మేం ఆడవాళ్ళం ముందు వెళ్ళి వాకిట్లో నిలబడ్డాం. మరిదిగారికి మోకాలి నొప్పి. చేతికర్రతో మెల్లగా వస్తున్నారు. పక్కనే ఆండీ. వాళ్ళ వెనకాల కాలవలో మునిగి లేచిన దేవదానం గేదెలు, వాటి దారిన అవి ఇంటికొస్తున్నాయి.

అన్నం చల్లారిపోతోంది. ఇంటికొచ్చిన పెద్దమనిషిని పిలవకపోతే ఎలా? రెండు చేతులూ ఎత్తి, గాజులు గలగలలాడిస్తూ, "రండండీ! రండండీ!" అని అరిచాను. దేవదానానిది చర్చిలో పాట ఎత్తుకునే గొంతు. వాడూ అందుకున్నాడు. మరదలు, దాని చుట్టాలు, గోడ మీది ఇరుగుపొరుగు, అంతా ఒకటే కేక. "రండండీ! రండండీ!"

ఆండీ ఆగిపోయాడు. మా మొహాలు చూశాడు. వెనక్కి తిరిగి గేదెల కొమ్ములు చూశాడు.

పరుగు! ఒక్కడే! మరిదిగారిని గట్టు మీద వదిలేసి, కాళ్ళు భుజాల దాకా లేపుతూ పరుగు!

"అయిపోయిందక్కా," అంది కరుణ. గ్రేస్ కళ్ళు మూసుకుంది. పరుగే పరుగు, వెనక్కి తిరిగి చూడరు అన్న మనిషి, కర్ర పట్టుకుని అలా చూస్తూ నిలబడ్డారు.

ఇంతలో వాడు టక్కున ఆగాడు. వెనక్కి తిరిగాడు. గేదెలకి ఎదురెళ్ళి, మరిదిగారిని వడ్లబస్తాలా భుజానికెత్తుకుని మళ్ళీ మావైపు పరుగు! ఆయన కర్ర గాల్లో తిప్పుతూ అరుస్తున్నారు.

"ఆగండండీ! ఆగండండీ!" అని గొంతు చించుకున్నాను. వాడు ఇంకా వేగం పెంచాడు! గట్టు తిరిగిన చోట కాలు జారింది. ఇద్దరూ ఊడ్చిన చేలో ధబ్బున పడ్డారు. నాట్లన్నీ బందరు హల్వా అయ్యాయి. గేదెలు మాత్రం ఆగకుండా, తలయినా తిప్పకుండా కొట్టంలోకి వెళ్ళిపోయాయి.

మరిదిగారు నిండా బురదతో కూర్చుని, ఎందుకు పరిగెత్తావని అడిగారు.

"అందరూ 'రన్ ఆండీ, రన్ ఆండీ' అన్నారు సర్. తర్వాత ఆవిడ 'ఎగైన్ ఆండీ' అంది," అన్నాడు, నావైపు చెయ్యి చూపిస్తూ.

గ్రేస్ బురదలోకి దిగి అంతా విడమరిచి చెప్పింది. రండి అంటే రన్ కాదు, కమ్. ఆగండి అంటే స్టాప్. అండీ అంటే మర్యాద. వాడు వింటూ మొహం మీది బురద తుడుచుకున్నాడు. చివరికి మెల్లగా ఏదో అడిగాడు. గ్రేస్ నావైపు చూస్తూ తెలుగులో చెప్పింది. "అయితే వీధిలో ఎవరూ నన్ను పిలవలేదా, అంటున్నాడు పెద్దమ్మా."

నాకెక్కడైనా ఎలక బొరియ దొరికితే దూరిపోదామనిపించింది. నాలాంటిది పట్టే బొరియ ఎక్కడుంది?

అప్పుడు మరిదిగారు, "ఆండీ," అన్నారు.

వాడు కదల్లేదు. మర్యాద అనుకున్నాడు.

"ఆండీ! నిన్నే. చెయ్యివ్వు, లేవాలి," అన్నారు ఈసారి గట్టిగా. లేచి, కరుణతో ఒకే మాట అన్నారు. దానికి ఏడుపాగలేదు. "పరిగెత్తాడు, కానీ వెనక్కి తిరిగాడు," అన్నారట.

భోజనాలయ్యేదాకా కూడా ఆగలేదు ఆ అవును.

పెళ్ళి మన బందరు చర్చిలోనే. పిలుపులకి మాత్రం నన్ను పంపరట, కరుణ ఖచ్చితంగా చెప్పేసింది. ఆండీని నేను "ఒరేయ్, ఇలా రారా" అంటున్నాను, ప్రమాదం తక్కువని. మర్యాదకి పెట్టింది పేరని బందరంతా చెప్పుకునే మనిషిని, ఇదీ నా బతుకు! ఎవరు పిలిచినా పిలవకపోయినా, పెళ్ళికి మీరంతా తప్పకుండా రండండీ.

నడిచే రండి, తొందరేం లేదు.