దోసిట్లో నీళ్ళు

రాయచూరులో ఎండ పొద్దున్నే వచ్చి నెత్తిన కూర్చుంటుంది. వీధులూడ్చే నీలమ్మకు దాహమైతే ఏదో ఒక గడప ముందు దోసిలి పట్టాలి. ఇంటావిడ చెంబెత్తి పైనుంచి పోస్తుంది. గొంతులోకి కొన్ని, మోచేతుల మీదుగా కొన్ని. దీన్ని దానమనుకునేవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు.

పనిచోట మాకో నీళ్ళ గది కావాలని ఊడ్చేవాళ్ళ సంఘం అడుగుతోంది. బెంగుళూరులో పెద్ద అధికారుల ముందు ఆ మాట చెప్పి రమ్మని నీలమ్మను, ఆమెతో జోడీగా ఊడ్చే కరియమ్మను పంపారు. రాజుల కాలం నాటి పెద్ద హోటల్లో సభ, బసా అక్కడే. నీలమ్మకు ఒకటే గుబులు. జిల్లా మీటింగులో మైకు చేతికిస్తే గొంతు పెగల్లేదు. ఈసారీ అంతే అయితే గది మాట నీళ్ళపాలే.

ఆ రాత్రి హోటల్ గదిలో కరియమ్మ పరుపు మీద కూర్చుని సగం దిగిపోయింది.

"నీలమ్మా, దీంట్ల పండితె పొద్దుగాల గడ్డపారతోని తవ్వి తీయాలె నన్ను."

"నువ్వు పండు. నాకు కిందనే నిద్రొస్తది."

"మంచమిస్తె నేల మీద పంటవు. రేపు నీళ్ళ గదేం అడుగుతవే నువ్వు?"

పొద్దున ఫలహారాల హాల్లో తెల్లకోటు మనిషి నీళ్ళ జగ్గుతో వచ్చాడు. జగ్గు పైకి లేవగానే నీలమ్మ ముందుకు వంగి దోసిలి పట్టింది. చేతులు వాటంతటవే వెళ్ళాయి. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు. కరియమ్మ తల దించుకుంది.

అతను జగ్గు దించాడు. నెరిసిన మీసాలు, కోటు మీద దొడ్డప్ప అని పేరు.

"ఏ ఊరక్కా?"

"రాయచూరు."

"మాది ఆ దిక్కే, గబ్బూరు. కొత్తల నేను గూడ గిట్లనే పట్టిన." గాజు గ్లాసు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "గిలాస పట్టుకో. ఇప్పుడు పోస్త."

నీలమ్మ గుక్క తిప్పుకోకుండా తాగి మళ్ళీ గ్లాసు చాపింది.

సభలో కంఠస్థం చేసిన ఉపన్యాసంలో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. పొద్దుటి దోసిలి గుర్తొచ్చింది. కన్నడంలో, నెమ్మదిగానే, అదే చెప్పింది. "సార్, పొద్దున ఈ హోటల్ల నేను దోసిలి పట్టిన. నాకు సిగ్గు గాలే. నా చేతులకు అది నేర్పిన ఊరికి రావాలె సిగ్గు. మాకు పోసెటోళ్ళొద్దు. మా గిలాసతోని మేం పట్టుకునే నల్లా గావాలె."

చూస్తామన్నారు. ఆ మాట విలువ నీలమ్మకు తెలుసు. అందుకే ఊరికొచ్చాక సంఘం వారం వారం ఆఫీసు మెట్లెక్కింది. వానలు మొదలయ్యేసరికి ఆమె వార్డులో రేకుల గది లేచింది. ఒక నల్లా, అలమారలో స్టీలు గ్లాసులు. మిగతా వార్డుల కోసం ఇంకా మెట్లెక్కుతూనే ఉన్నారు.

మొదటిరోజు కరియమ్మ నల్లా తిప్పి, వంగి, దోసిలి పట్టింది.

నీలమ్మ ఆ చేతుల మీద గ్లాసుతో చిన్నగా తట్టింది.

"గిలాస పట్టవే."