కడియం లేని ఆలోచన దొంగల పాలు

ఈ భూమ్మీద మా తాతయ్య ఓడిలోన్ కంటే ముందు ఎవరూ దేన్నీ కనిపెట్టలేదు. చక్రం విషయంలో మాత్రం కాస్త పేచీ ఉంది. ఆ కాలంలో బెల్జియంలోని మా జోటెగెమ్ ఊళ్లో పోస్టాఫీసు లేదు కాబట్టి ఋజువు చూపించలేకపోతున్నాం.

ఋజువంటే ఆయనకు ప్రాణం. ఏదైనా ఊహ తట్టిందా, కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, తన పేరు మీద తనకే రిజిస్టర్ పోస్టు చేసుకుంటాడు. మర్నాడు అది గుమ్మంలోకి వస్తే సంతకం పెట్టి తీసుకుంటాడు. విప్పడు. బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. నాకు ఊహ తెలిసేసరికే ఆ కవర్లు మూడు వందలు దాటాయి. మా బామ్మ గోడెలీవ తన చలికోట్లు పెట్టుకోవడానికి చోటులేక వాటిని తలుపు వెనకాల మేకుకు తగిలించుకునేది.

పోస్టుమాన్ వానెస్ కొత్తగా వచ్చిన రోజుల్లో పాపం అడిగాడు. "పంపింది మీరే, అందుకునేదీ మీరే. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటే సరిపోదా తాతగారూ?"

"మధ్యలో ప్రభుత్వం ముద్ర పడొద్దూ? లేకపోతే నీకు ఆ సంచీ ఎందుకిచ్చినట్టు?" అన్నాడు తాతయ్య.

ఈ పిచ్చి పావురాల దగ్గర మొదలైంది. తాతయ్య పందెం పావురాలు పెంచుతాడు. పావురం పిల్లకు వారం రోజుల వయసులోనే కాలికి కడియం తొడగాలి. దాని మీద సంవత్సరం, అంకె ఉంటాయి. ఇంకో వారం ఆగితే పాదం పెరిగిపోయి కడియం ఎక్కదు. ఎక్కినది మళ్లీ దిగదు. "ఆలోచనకూ అంతే. పుట్టిన వారంలోనే కడియం వేయాలి. కడియం లేని ఆలోచన దొంగల పాలు," అనేవాడు. భోజనాల దగ్గర ఈ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్క కడితే, సూప్ కంటే ఈ మాటే ఎక్కువ తాగి ఉంటాం.

చిక్కెక్కడంటే, ఆలోచన ఎవరిదన్నది ఆయనకు పట్టేది కాదు. ఎవరి నోట ఏ తెలివైన మాట వచ్చినా చెవి మీది పెన్సిల్ కిందికి దిగేది. రొట్టెల ఫిర్మిన్ ఒకసారి మా వంటింట్లో కూర్చుని, పావురాల బుట్టలో అవి పొడుచుకోకుండా ఏం చేయాలో చెప్పాడట. మర్నాడు చూస్తే తాతయ్య పోస్టాఫీసు వరసలో కవరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అందులో ఏముందని ఫిర్మిన్ అడిగితే, చేయి అడ్డం పెట్టి ఎర్రబడ్డాడు. అంతే. ఫిర్మిన్ ముప్పై ఐదేళ్లు మాతో మాట్లాడలేదు. రొట్టె అమ్మేవాడు గానీ, చిల్లర మాత్రం బల్ల మీద పడేసేవాడు.

నా తొమ్మిదో ఏట నేనూ దెబ్బతిన్నాను. విరిగిన గొడుగు ఊచలు పావురాల గూటి కప్పు మీద గుచ్చి పిల్లి రాకుండా చేశాను. తాతయ్య చుట్టూ తిరిగి చూశాడు, తల ఊపాడు, సైకిలెక్కి పోస్టాఫీసుకు వెళ్లాడు. నేను వీధి చివరిదాకా వెంటపడి "దొంగ తాతయ్యా" అని అరిచాను. ఆయన కాదనలేదు. తిరిగొచ్చి "కడియం వేశాను" అన్నాడు, అంతే. ఇంటి దొంగను దేవుడైనా పట్టలేడని బామ్మ నన్ను ఓదార్చింది. మూడు ఆదివారాలు ఆయన వంతు తీపి వాఫెల్ కూడా నేనే తినేసి పగ తీర్చుకున్నాను.

ఆయన నిజంగా కనిపెట్టింది ఒకటుంది. పందెంలో పావురాలన్నింటినీ ఫ్రాన్స్‌లో ఒకేచోట వదులుతారు. ప్రతిదీ తన గూటికి వస్తుంది. గూళ్ల దూరాలు వేరు కాబట్టి గెలుపెవరిదో తేలాలంటే పెద్ద లెక్క కట్టాలి. మా క్లబ్బు అధ్యక్షుడు గాస్టన్ కాగితం మీద కట్టేవాడు. లెక్క ఒక గంట, పోట్లాట మూడు గంటలు. నేతమిల్లులో కరెంటు పని చేసే మా తాతయ్య మూడు చలికాలాలు కూర్చుని దానికో కంప్యూటర్ ప్రోగ్రామ్ రాశాడు. అడిగిన ప్రతి క్లబ్బుకూ ఊరికే ఇచ్చాడు. సాయంత్రానికి కూడా పావురం రాకపోతే అందులో తెర మీద ఒక మాట వస్తుంది: "ఎదురుచూడకు, సూప్ చల్లారిపోతోంది." అది బామ్మ గూటి కింద నిలబడి రోజూ అరిచే అరుపు.

మొన్న మార్చిలో క్లబ్బుకు ఒక కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మీరు వాడుతున్నది మా ప్రోగ్రామ్‌కు దొంగ కాపీ, మూడు వారాల్లో ఆపండి, లేదంటే కోర్టుకు రండి అని. మూడు వారాల్లోనే పందేలు మొదలు. ప్రోగ్రామ్ లేకపోతే పందెం లేదు, పందెం లేకపోతే ఇరవైరెండు మంది ముసలాళ్ల క్లబ్బుకు తాళమే.

నాకు చదువబ్బలేదు. పదహారేళ్లకే బడి మానేసి సైకిళ్లు బాగుచేసుకుంటున్నాను. నాక్కూడా ఒళ్లు మండింది. వాళ్ల ప్రోగ్రామ్‌ను ఫోన్లో తెరిచి చూశాను. రంగులు కొత్తవి, లెక్క పాతదే. రాని పావురం దగ్గరికి వెళ్తే అక్కడా అదే మాట: "ఎదురుచూడకు, సూప్ చల్లారిపోతోంది." వాళ్లకు ఫోన్ చేశాను. ఒక కుర్ర దొరగారు తేనె పూసిన గొంతుతో, ఆ వాక్యం తమ సొంత సృష్టి అనీ, మా క్లబ్బు దాన్ని కూడా కాజేసిందనీ సెలవిచ్చాడు. పక్కనే విన్న బామ్మ గరిటె కింద పెట్టింది. "నలభై ఏళ్లు గొంతు చించుకున్నది నేను. సృష్టి వాడిదా?" అంది. ఆ రోజు మా ఇంట్లో సూప్ నిజంగానే చల్లారింది.

గాస్టన్ మేనకోడలు లాయరు. ఆమె వచ్చి చెప్పింది: రాసిన క్షణం నుంచే రచన రాసినవాడిదవుతుంది, ముద్రలూ గిద్రలూ అక్కర్లేదు. కానీ ముందు ఎవరు రాశారో తేలాలి. కంపెనీ దగ్గర రెండువేల పదకొండు నాటి కాగితాలున్నాయి. "మీ దగ్గర అంతకంటే పాతవి ఏమైనా ఉన్నాయా?"

అందరం తాతయ్య వైపు చూశాం. తాతయ్య గోడ వైపు చూశాడు.

ఉంది. ఎనభై తొమ్మిది నాటి ఏడు కవర్లలో ఒకటి. ఏదో ఆయనకూ తెలియదు. పైన రాస్తే దొంగకు దారి చూపినట్టేనని దేనిమీదా ఏమీ రాయలేదు, లావు చూసి పోల్చుకోకుండా అన్నింట్లోనూ తెల్లకాగితాలు కూరాడు. విప్పడానికి ససేమిరా అన్నాడు. విప్పిన కవరు కోసిన పావురంతో సమానమట. మూడు రోజులు బతిమాలాం. బీరువా తాళంచెవి మెడలో వేసుకుని పడుకున్నాడు.

నాలుగోరోజు అడిగాను. "తాతయ్యా, పావురం వచ్చిన టైము నొక్కే పందెం గడియారాలకు సీలు వేస్తారు కదా. ఎవరు విప్పుతారు?"

"ఎవరూ ఒంటరిగా విప్పరు. క్లబ్బులో, అందరి ముందు."

"మరి ఇదీ అంతేగా?"

నన్ను నమిలేసేలా చూశాడు. తర్వాత మెడలోంచి తాళంచెవి తీశాడు.

ఆదివారం క్లబ్బు నిండిపోయింది. నోటరీ వచ్చాడు. కంపెనీ తరఫున ఆ కుర్ర దొరగారే మెరిసే బూట్లతో వచ్చాడు. ఫిర్మిన్ మూలన మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నోటరీ తేదీ ముద్ర అందరికీ చూపించి, మొదటి కవరు కోసి చదివాడు.

"ఈ ఊహ నాది కాదు. బుట్టలో అట్టముక్క మడిచి పెడితే పావురాలు పొడుచుకోవని చెప్పింది రొట్టెల ఫిర్మిన్. ఫిబ్రవరి పన్నెండు, మా వంటింట్లో. మతిమరుపు మనిషి, రాసిపెట్టుకోడు. రేపు ఎవరైనా కాజేస్తే నేను సాక్షిని."

ఫిర్మిన్ కుర్చీ మెల్లగా ఇటు తిరిగింది.

"ఒక్క ముక్క చెప్పొచ్చు కదరా."

"నువ్వు మాట్లాడితేగా."

రెండో కవరులో ఉల్లికాడల సూప్‌లో ఎండు బేరిపండు వేయాలన్న ఊహ, బామ్మ పేరు మీద. మూడోది పక్కింటి వితంతువుది. నాలుగోది గాస్టన్‌ది. అయిదో కవరులో తెల్లకాగితం ఒక్కటీ లేదు. నలభై పేజీల ప్రోగ్రామ్, ముప్పై ఒకటో పేజీలో సూప్. చివర చేతిరాత: "రాసింది నేను. గాలి లెక్క గాస్టన్‌ది. సూప్ మాట గోడెలీవది. పావురాలు పెంచే ఎవరైనా వాడుకోవచ్చు. ఇది నా ఒక్కడిదే అని మాత్రం ఎవరూ అనకూడదు, నాతో సహా."

ముద్ర మీద తేదీ నవంబరు, ఎనభై తొమ్మిది. లాయరు ఆ కుర్రాణ్ణి మర్యాదగా అడిగింది, అప్పటికి తమరు పుట్టారా అని. ఆయన తన బూట్లు చూసుకున్నాడు.

వారం తిరక్కుండా రెండో ఉత్తరం వచ్చింది, ఏదో పొరపాటు జరిగిందని. దొంగతనం దొరికిపోతే దాని పేరు పొరపాటు. పందేలు అనుకున్న రోజుకే మొదలయ్యాయి. ఇప్పుడు ఆ కంపెనీ ప్రోగ్రామ్‌లో సూప్ మాట కింద చిన్న అక్షరాల్లో బామ్మ పేరుంటుంది. పావురం రాకపోయినా ఫర్వాలేదని బామ్మ అది అందరికీ చూపిస్తుంది. ఫిర్మిన్ చిల్లర చేతికే ఇస్తున్నాడు.

మిగిలిన రెండు కవర్లు తాతయ్య విప్పనివ్వలేదు. గొడుగు ఊచల కవరు కూడా బీరువాలోనే ఉంది. అందులో నా పేరుందా అని పదిసార్లు అడిగాను. విప్పితే కడియం పోతుందంటాడు.

అందుకే ఇదంతా రాసి ఆయన చేతికిచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. చెవి మీది పెన్సిల్ తీశాడు.

"సగం మాటలు నావి, పావు మీ బామ్మవి. పైన నీ పేరొక్కటే ఉందేంటే, దొంగపిల్లా?"