ఆర్డిత్ పెల్కీ రెండో త్రిభుజం

మా ఊళ్లో ఎవరి కంచె ఎక్కడుండాలో తేల్చేది ఆర్డిత్ పెల్కీ. ముప్ఫై ఒక్క ఏళ్లుగా సర్వేయరు. లంబకోణం ఉన్న స్థలం కొలవమంటే ఆవిడకి చిన్నతనం. "అది బడిపిల్లలు కొలుస్తారు, నన్నెందుకు పిలిచావు?" అనేది. అయినా మా వెర్మాంట్ కొండల్లో అలాంటి స్థలం ఎక్కడ ఏడ్చింది కనుక! అన్నీ వంకరటింకర త్రిభుజాలే. సైన్ సూత్రం, కొసైన్ సూత్రం లేకపోతే పని జరగదు. ఆ రెండింటి పేరు చెప్పి ఊరంతటినీ హడలగొట్టేది.

నేను టౌన్ క్లర్కుని. ఆవిడ గీసిన పటాలన్నీ దాఖలు చేసేది నేనే. వచ్చినప్పుడల్లా నాకో పాఠం తప్పేది కాదు. "రెండు భుజాలిచ్చి, వాటి మధ్యది కాని కోణం ఇచ్చారనుకో, జాగ్రత్త! ఒక్కోసారి ఆ కొలతలకి రెండు త్రిభుజాలు వస్తాయి. కాలిక్యులేటర్ ఒకటి చూపించి ఊరుకుంటుంది." నాకెందుకమ్మా ఇదంతా అంటే వినదు.

ఆవిడ ఇంటి స్థలమూ త్రిభుజమే. పక్క పొలం ఓరిన్ టిబోది. ఇద్దరూ ఒకే బడిలో చదివారు. ఓరిన్ మేపుల్ చెట్ల రసం కాచి పాకం తీస్తాడు. హద్దు దగ్గర పంతొమ్మిది మేపుల్ చెట్లు ఆర్డిత్ వైపు పడ్డాయి. ప్రతి మార్చిలోనూ ఓరిన్ టోపీ తీసి ఆవిడ గుమ్మంలో నిలబడేవాడు.

"రసానికి బకెట్లు తగిలించుకోనా?"

"తగిలించుకో. కిందటేడు చెట్టులో గొట్టం వదిలేశావురా. పరాయి సొమ్మంటే అంత లోకువా?"

"తప్పయిపోయింది మహారాణీ," అనేవాడు ఓరిన్, నవ్వుతూ.

కిందటి నవంబరులో, ఇక క్రిస్మస్‌కి పని మానేస్తానంది. ఊరంతా కలిసి విందు చేద్దామనుకున్నాం. ఈలోగా పిల్లలకి ఒక పాఠం చెప్పమని బడివాళ్లు అడిగారు. ఉదాహరణకి తన ఇంటి పాత దస్తావేజే తీసింది. అందులో ఒక భుజం కొలత ఏనాడో ఎలుకలు తినేశాయి. మిగిలినవి ఇవి: రోడ్డు వెంట మూడు వందల అడుగులు, దాని ఒక కొసన ముప్ఫై డిగ్రీల కోణం, రెండో కొస నుంచి మూడో మూలకి రెండు వందల అడుగులు.

వంటింటి బల్ల మీద కోణం గీసింది. రెండో కొసన వృత్తలేఖిని గుచ్చి తిప్పింది. చాపం గీతని రెండు చోట్ల కోసింది. కోణం ఉన్న మూల నుంచి కొలిస్తే ఒకటి మూడు వందల తొంభై రెండు అడుగుల దగ్గర, ఇంకోటి నూట ఇరవై ఏడున్నర దగ్గర. ఆవిడ హద్దు కడ్డీ మూడు వందల తొంభై రెండు దగ్గరుంది. లైసెన్సు వచ్చిన వారంలో, కాలిక్యులేటర్ చెప్పిందని పాతేసింది. అది ఆవిడ మొట్టమొదటి సర్వే. ఊరందరి లెక్కలూ సరిదిద్దిన మనిషి తన లెక్క మళ్లీ చూసుకోనే లేదు.

తెల్లవారగానే వేటగాళ్లు జింకనుకోకుండా నారింజ రంగు టోపీ పెట్టుకుని, పార తీసుకుని వెళ్లింది. నూట ఇరవై ఏడున్నర అడుగుల దగ్గర, కుళ్లిన ఆకుల కింద, ఉలితో శిలువ గుర్తు చెక్కిన పాత హద్దురాయి! బురద బూట్లతోనే నా ఆఫీసుకొచ్చింది.

"ఆ చెట్లు ఓరిన్‌వి," అంది.

"ఎవరు చూడొచ్చారు ఆర్డిత్? ఇంకో నెలలో మానేస్తున్నావు. ఇది బయటపడితే ప్రతివాడూ నువ్వు గీసిన హద్దు మళ్లీ కొలిపిస్తానంటాడు. ఇన్నేళ్ల పేరు మంటగలుస్తుంది." సిగ్గులేకుండా అన్నాను, ఒప్పుకుంటున్నాను.

"నోరు మూసుకుని కోటు వేసుకో. నువ్వే సాక్షివి."

ఓరిన్ కట్టెలు పేరుస్తున్నాడు. ఈసారి ఆర్డిత్ టోపీ తీసి అతని ముందు నిలబడింది.

"ఓరిన్, నా హద్దు తప్పు. రాయి దొరికింది. నీ చెట్ల కోసం నిన్ను ఇన్నేళ్లూ నా గుమ్మంలో నిలబెట్టాను."

"శిలువ గుర్తున్న రాయేనా?" అన్నాడు ఓరిన్, చేతిలో కట్టె కింద పెట్టి.

"నీకెలా తెలుసు?"

"నువ్వు కడ్డీ పాతిన వారానికే మా నాన్న చూపించాడు."

"మరి చెప్పి చావలేదేం, మొద్దూ!"

"ఆడది సర్వే చేయడమేంటని ఊరంతా నవ్వుతున్న రోజులవి. మొదటి పటమే తప్పని నేనంటే, రెండో పని ఎవడిస్తాడు నీకు? తర్వాత చెబుదామనుకున్నా. తర్వాత నీ నోటికి భయమేసింది."

ఆర్డిత్ కట్టెల మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. నాకూ ఆగలేదు. ఓరిన్‌కి ఏం చేయాలో తోచక ఆవిడ భుజం తడుతూ నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నమే కొత్త పటం తెచ్చింది. అడుగున "పాత పటం తప్పు. ఆ తప్పు నాది" అని రాసి సంతకం చేసింది. పక్కన ఓరిన్ సంతకం కూడా కావాలి. చదివి, కలం కింద పెట్టేశాడు.

"ఇలాగైతే నేను పెట్టను. తప్పు ఇద్దరిదీ అని రాయి."

అరగంట పోట్లాడుకున్నారు. చివరికి అలాగే రాసింది.