వెనక నుంచి పిలిచిన పిల్ల

చీపురుపల్లిలో మాది కిరాణా కొట్టు. ఉద్యోగం వచ్చేదాకా సముద్రంతో నా పరిచయం ఉప్పు బస్తా వరకే. అలాంటి నన్ను, కోటబొమ్మాళి దాటి చాలా దూరం వెళ్ళాక రోడ్డు ఇసకలో కలిసిపోయే చోట ఉన్న హైస్కూలుకి సైన్సు మేష్టారుగా వేశారు. రెండువేల పదుల్లో మాట. వరస తుఫాన్లకి ఆ ఒడ్డున సరుగుడు తోటలు సగం నేలకొరిగి ఉన్నాయి. తొమ్మిదో తరగతి కిటికీలోంచి తెప్పలు కనిపించేవి, వాటి వెనక నీళ్ళు. నేను వీలైనంతవరకు నల్లబల్ల వైపే చూసేవాణ్ణి. పిల్లలు దాన్ని శ్రద్ధ అనుకునేవారు.

ఆ మధ్యాహ్నం పాఠం భూతాపం. పిల్లలకంటే ఒక్క పేజీ ముందుండటమే నా పాండిత్యం కాబట్టి ఆ పేజీ బాగానే చదువుకుని వెళ్ళాను. బొగ్గూ, పెట్రోలూ, డీజిలూ కాల్చగా వచ్చే వాయువు భూమిని దుప్పటిలా కప్పేస్తుందనీ, వేడి బయటికి పోలేదనీ, అందులో ఎక్కువ భాగం సముద్రమే తాగుతుందనీ చెప్పాను. పాఠం స్థానికంగా ఉండాలని ట్రైనింగులో ఒకటికి రెండుసార్లు చెప్పారు. స్థానికమంతా కిటికీలోనే ఉంది. అటు చెయ్యి చూపించి, వేడెక్కిన నీరు తుఫానుకి తిండి అనీ, ఆ తిండి తిని చిన్న వాయుగుండం కూడా చూస్తుండగానే బలిసిపోవచ్చనీ అన్నాను.

మూడో వరసలో ఒక అమ్మాయి లేచింది. వాళ్ళ నాన్న ఆ ఊళ్ళోనే ఇంజను తెప్ప మీద చేపల వేటకి వెళ్తాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే పిల్ల, ఆ రోజు నవ్వలేదు.

"ఇప్పుడు కూడా ఏడెక్కే ఉన్నాదా సార్?"

"ఇప్పుడు కూడా," అన్నాను, మంచి ప్రశ్న వచ్చినందుకు సంతోషిస్తూ.

కాసేపటికి మంచినీళ్ళకని బయటికి వెళ్ళిన ఆ పిల్ల ఎంతకీ రాలేదు. కిటికీలోంచి చూస్తే ఇసకలో పరిగెడుతోంది. నేనూ వెనకే పరిగెత్తాను, చెప్పులు చేత్తో పట్టుకుని. అప్పటికే వాళ్ళ తెప్పని నీళ్ళలోకి తోసేస్తున్నారు. సాయంత్రం వలలు వేసుకుని పొద్దున్నకి తిరిగొచ్చే వేట అది.

"నానా, ఎళ్ళకు. సముద్రం ఏడెక్కిపోనాదట, సార్ సెప్పినారు."

ఒడ్డున గంపల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కసారిగా మాట ఆపేశారు. వేటకి బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. ఏ మాటకీ పిలవకూడదు. ఆ సంగతి ఆ ఊళ్ళో పుట్టిన పిల్లకి నాకంటే బాగా తెలుసు. తెలిసీ పిలిచిందంటే నా పాఠాన్ని ఎంత నమ్మిందో అప్పుడు అర్థమైంది. జీవితంలో మొదటిసారి, నా పాఠం ఎవరికీ ఎక్కకపోతే బాగుండు అనిపించింది.

వాళ్ళ నాన్న ఒడ్డెక్కి, ఇసకలో కూర్చుని, తన తల్లి ఇచ్చిన నీళ్ళు తాగాడు. పిలుపు దోషం పోవాలంటే అలా చెయ్యాలిట. తెప్ప మీదివాళ్ళలో ఒకడు, "ఏడెక్కితే మంచిదే గదేటే, ఉడికిన సేపలే తెస్తాం, మీ ఇంట్లో గ్యాసు మిగులుతాది," అన్నాడు. ఎవరూ గట్టిగా నవ్వలేదు. తండ్రి కూతురి తల నిమిరి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు బడి గంట కొట్టే వేళకి మిగతా తెప్పలన్నీ వచ్చేశాయి. ఆ ఒక్కటీ రాలేదు. ఫోను చేస్తే మోగడం లేదు. ఆకాశంలో మబ్బు ముక్క లేదు, గాలి లేదు. ఆ నిశ్శబ్దానికే నాకు ఎక్కువ భయం వేసింది. అమ్మాయి బడికి రాలేదు. తరగతిని పక్క గది మేష్టారికి అప్పజెప్పి ఒడ్డుకి వెళ్ళాను. ఒక్కతే కూర్చుని ఉంది. ఆడవాళ్ళందరూ ఉన్నారు గానీ, ఆమె పక్కన మాత్రం ఎవరూ లేరు.

వాళ్ళ మామ్మ నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మా వోడు రాకపోతే నా కర్మ మేష్టారూ. దీని బతుకేటి? నాన్నని పిలిసి ముంచేసినాదంటారు. ఏ గుమ్మం ఎక్కనిస్తారు దీన్ని?"

భూతాపంలో భూతం ఉందని అంతకుముందు పిల్లల్ని నవ్వించడానికి అనేవాణ్ణి. ఆ భూతం నా నోట్లోంచే బయటికొచ్చి, పద్నాలుగేళ్ళ పిల్ల పక్కన కూర్చుంది. నాకు తెలిసిన సైన్సులో దాన్ని దింపే మంత్రం లేదు. ఏం చెయ్యాలో తెలియక వెళ్ళి ఆ పిల్ల పక్కన ఇసకలో కూర్చున్నాను. అల వచ్చిన ప్రతిసారీ నేను కాళ్ళు వెనక్కి తీసుకున్నాను. ఆ పిల్ల తీసుకోలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చాక ఇంజను చప్పుడు వినిపించింది. ముందు ఆ పిల్లకే వినిపించింది.

"దగ్గిర్లో సేప నేదు మేష్టారూ," అన్నాడు తండ్రి దిగుతూనే, ఆలస్యానికి సంజాయిషీ నాకే ఇవ్వాలన్నట్టు. "పోగా పోగా లోపలికి పోనాం. డీజిలు సాలదని మెల్లగా వచ్చినాం."

నీరు వేడెక్కితే చేపలు తావు మార్చుకుంటాయన్నది నా పాఠంలో తరవాతి పేరా. అప్పటికే ఆడవాళ్ళు ఆ పిల్ల చుట్టూ చేరి నవ్వుతున్నారు, జడ లాగుతున్నారు. మామ్మ మాత్రం ఆమె చెయ్యి తన తల మీద పెట్టించుకుని ఏదో ఒట్టు వేయించుకుంది.

ఏం ఒట్టో మర్నాడు తెలిసింది. నోట్సు దిద్దించుకోవడానికి వచ్చి ఆ పిల్లే మెల్లగా చెప్పింది.

"ఇంకెప్పుడూ పిలవను సార్. టీవీలో తుఫానని సెప్పినా పిలవను."

తెప్ప రానప్పటి భయం ఆ మధ్యాహ్నంతో పోయింది. ఈ భయం పోలేదు. హెచ్చరిక వచ్చినప్పుడు పిలవకపోతే ఎలా అని అడిగాను. తల దించుకుని, "మీరు పిలవండి సార్. మీకు ఒట్టు నేదు గదా," అంది.

వెనక నుంచి పిలవకూడదు కాబట్టి ముందు నిలబడి పిలవాలి. తెప్పకి ముందు అంటే నీళ్ళలో. ఆ ఏడాది చివర్లో వాయుగుండం వార్త వచ్చినప్పుడు, పాంటు మోకాళ్ళదాకా మడిచి మొదటిసారి సముద్రంలో దిగాను. తెప్పల ముందు చేతులు చాపి నిలబడి, వెళ్ళొద్దన్నాను. కొందరు ఆగారు. ఆమె నాన్న ఆగాడు. మిగిలినవాళ్ళు నన్ను తప్పించుకుని పక్కనుంచి వెళ్ళిపోయారు, ఏమీ అనుకోవద్దు మేష్టారూ అంటూ. నేను సముద్రం వైపు తిరిగి వాళ్ళని వెనక నుంచి పిలవబోయి, ఒడ్డున నిలబడి చూస్తున్న ఆడవాళ్ళు గుర్తొచ్చి, నోరు మూసుకున్నాను.