కురమోచి గారి టింగ్

మా మినోవా వీధిలో స్నానశాల నడిపే కురమోచి గారికి ఒక జత హెడ్‌ఫోన్లు కొనాలో వద్దో తేల్చుకోవడానికి మూడేళ్ళు పట్టింది. ఆ స్నానశాల కట్టించడానికి వాళ్ళ తాతకు కూడా అంతకాలం పట్టలేదని వీధిలో అందరూ అనేవాళ్ళు. అందరూ అంటే ముఖ్యంగా నేను. నాది ఎదురుగా ఉన్న తోఫు కొట్టు. పొద్దెక్కేసరికి నా పని అయిపోతుంది. ఆ తర్వాత ఎదుటివాళ్ళ సంగతులు చూడడం తప్ప నాకు వేరే వ్యాపకం లేదు.

స్నానశాలకు సోమవారం సెలవు. ఆ రోజు కురమోచి గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన పాత హెడ్‌ఫోన్లను తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకుని, కొత్తవి విని చూడడానికి దుకాణాలుండే అకిహబరాకు బయల్దేరేవారు. నేను కొట్టు ముందు బక్కెట్లు కడుగుతూ ఊరుకునేవాణ్ణి కాదు.

"ఏమండీ కురమోచి గారూ, పెళ్ళిచూపులకేనా?"

"చూపులే. సంబంధం ఖాయం చేసేది ఇప్పుడే కాదు."

"మీరు తేల్చేలోగా పిల్ల ముసలిదైపోతుంది!"

"నీ సోయాగింజలు నువ్వు చూసుకోవయ్యా ఉదగావా."

ఆయన మంచివాడు. ఆ మాట ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఇక్కడినుంచి చాలాసేపు ఆయన్ని ఆడిపోసుకోబోతున్నాను. స్నానానికి వచ్చే ముసలివాళ్ళలో ఎవరికి వేడినీళ్ళు కావాలో, ఎవరికి గోరువెచ్చనివి కావాలో ఆయనకు కంఠతా వచ్చు. కానీ పాటలు వినే విషయంలో మాత్రం మనిషికి చాదస్తం. బాయిలర్ గదిలో ఒక మేకుకు ఆ హెడ్‌ఫోన్లు వేలాడుతూ ఉంటాయి. పొయ్యిలోకి కట్టెలు తోసి, మంట రాజేసే గాలి మర రొద తగ్గగానే బోర్లించిన బక్కెట్ మీద కూర్చుని అవి తలకు తగిలించుకునేవారు. అవి కొన్నప్పుడు ఆయన జుట్టు నల్లగా ఉండేది. తర్వాత వాటి తీగ మార్చారు, చెవి మెత్తలు రెండుసార్లు మార్చారు, పాట వినిపించే పెట్టె మార్చారు. అయినా ఏదో లోటు ఉందనేవారు. కొత్తవి కొంటే తీరుతుందేమో అనేవారు. ఆ 'ఏమో' దగ్గరే బండి ఆగిపోయేది.

ఆయన భార్య చిసే అక్క. వయసులో నాకంటే పెద్దది కాబట్టి అక్క అంటాను. వీధిలో అంత నెమ్మదైన మనిషి మరొకరు లేరు. అలాంటిది, రెండేళ్ళుగా ఆమె తీరు మారింది. నేను రోజూ పొద్దున్నే వాళ్ళింటికి తోఫు ఇవ్వడానికి వెళ్తే టీ ఇస్తుంది. నాకు కప్పు చప్పుడు లేకుండా పెడుతుంది. మొగుడి ముందు మాత్రం ఠపీమని పెడుతుంది. సాసర్ మీద కప్పు ఎగిరిపడేది. ఆయన తలెత్తి "ఓ, టీ వచ్చిందా" అని నవ్వి తాగేవారు. ఆమె ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయేది.

నేను లెక్క కట్టేసుకున్నాను. సోమవారాలన్నీ దుకాణంలో గడిపే మొగుడి మీద ఏ ఆడమనిషికి కోపం రాదు? ఒకరోజు ఆయన్ని గుమ్మం బయటికి లాగి చెప్పాను.

"అక్కకు ఒళ్ళు మండుతోందండీ. కొంటే కొనండి, లేకపోతే మానండి. ఈ నాన్చుడు వల్ల మీ ఇంట్లో కప్పులు మిగలవు."

"చిసేకా? కోపమా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "నన్ను ఎప్పుడూ ఏమీ అనదే!"

"అనకపోవడమేనండీ కోపమంటే."

ఆయన చెప్పులకేసి చూసి, "ఈ సోమవారం నువ్వూ రా. అసలు సంగతి చెప్తాను" అన్నారు.

రైల్లో నిలబడి చెప్పారు. ఆయన కుర్రవాడుగా ఉన్న రోజుల్లో ట్రామ్ స్టాప్ దగ్గర జాజ్ సంగీతం వినిపించే కాఫీ హోటల్ ఒకటి ఉండేదట. అక్కడ మాట్లాడకూడదు. గొంతు సవరించుకున్నా యజమాని గుడ్లురిమి చూసేవాడు. జనం కళ్ళు మూసుకుని వినాలి, అంతే. వడ్డించే అమ్మాయిలు కప్పు బల్లమీద పెడితే చీమకు కూడా వినపడకూడదు. ముందు చిటికెన వేలు సాసర్‌కి ఆనించి, దాని మీదుగా కప్పు దించాలని నెలల తరబడి నేర్పించేవాడట. ఆ అమ్మాయిల్లో ఒకతె చిసే అక్క.

"ఏడాదిపాటు ఆమె గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదు" అన్నారు కురమోచి గారు. "ఒకరాత్రి ముగ్గురు వాయిద్యగాళ్ళు వచ్చి అక్కడే వాయించారు. నేను యజమాని కాళ్ళావేళ్ళా పడి క్యాసెట్లో రికార్డు చేసుకున్నాను. చివర్లో పియానో ఆగింది. ఎవరూ ఇంకా చప్పట్లు కొట్టలేదు. సరిగ్గా అప్పుడు నా ముందు కప్పు పెడుతూ ఆమె నా వైపు చూసింది. చెయ్యి జారింది. టింగ్ మంది."

"తర్వాత?"

"తర్వాత ఏముంది, యజమాని చేత చీవాట్లు తింది. నేను వెళ్ళి తప్పు నాదే అని చెప్పాను. అలా మొదటిసారి మాట్లాడుకున్నాం."

ఆ టింగ్ క్యాసెట్లో పడింది. ఇన్నేళ్ళూ ఆయన వింటున్నది పియానో కాదట, దాని తర్వాత వచ్చే ఆ టింగ్ అట. నాలుగైదేళ్ళ కిందట అది పలచబడింది. తర్వాత పూర్తిగా పోయింది. హెడ్‌ఫోన్లు ముసలివైపోయాయి, అందుకే పోయిందని ఆయన అనుమానం.

"కొత్తవాటిలో వినపడుతోందా మరి?" అన్నాను.

"వినపడుతోంది" అని, మళ్ళీ "వినపడుతున్నట్టే ఉంది" అన్నారు.

అకిహబరాలో ఆ దుకాణం మూడో అంతస్తులో ఉంది. అక్కడ మన పాటల పెట్టె మనం తెచ్చుకుని ఎంతసేపైనా వినొచ్చు. కొంటారా అని అడగడం వాళ్ళకు మర్యాద కాదు. ఆయన్ని చూడగానే అక్కడ పనిచేసే నగుమో అనే ఆవిడ వంగి నమస్కరించి, అడక్కుండానే ఆయన ఎప్పుడూ విని చూసే కొత్త జతను పళ్ళెంలో తెచ్చి పెట్టి పక్కకు తప్పుకుంది. ఒకే పెట్టెకు రెండు జతలు తగిలించే తీగ కూడా ఇచ్చింది. ఆయన కొత్త జత పెట్టుకున్నారు. నాకు ఆ పాతవి ఇచ్చారు.

నాకు జాజ్ అంటే ఏమిటో తెలీదు. పియానో ఎక్కడికో వెళ్తుంది, వస్తుంది, మళ్ళీ వెళ్తుంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. చివరికి పియానో ఆగింది. కురమోచి గారు చూపుడు వేలు పైకెత్తి, చంటిపిల్లాడిలా నవ్వారు.

ఆ తర్వాత వచ్చింది టింగ్.

వేలు ముందు లేచింది. చప్పుడు తర్వాత వచ్చింది. నాకిచ్చిన పాతవాటిలోనే స్పష్టంగా వచ్చింది. ఆయన కళ్ళు తెరిచి, "విన్నావా?" అని అడిగారు.

"విన్నానండీ" అన్నాను. ఆ రోజు తిరుగు దారి పొడుగునా ఆయన మీద ఒక్క ఎకసెక్కం కూడా ఆడలేదు. ఒంట్లో బాగాలేదా అని ఆయనే నన్ను అడిగారు.

మర్నాడు సాయంత్రం స్నానానికి వెళ్ళాను. చిసే అక్క గుమ్మం దగ్గర డబ్బులు తీసుకునే ఎత్తు బల్ల మీద కూర్చుని ఉంది. కడుపులో మాట దాచుకోవడం నాకు చేతకాదు. జరిగింది చెప్పేశాను.

"నాకు తెలుసయ్యా" అంది. "ఆయన చెవులు పోతున్నాయి. గాలి మర దగ్గర ఇన్నేళ్ళు కూర్చుంటే పోవా? " లోపలికి వచ్చిన ఒకావిడతో "తువ్వాలు కావాలాండీ? ఇదిగో" అని, మళ్ళీ నాతో, "ఆయనకూ తెలుసు. కొత్తవి కొన్నాక కూడా ఆ చప్పుడు వినపడకపోతే ఇంక తప్పు దేనిమీదకు తోస్తాడు? అందుకే కొనడు."

"మరి డాక్టర్ దగ్గరికి..."

"ఎన్నిసార్లు చెప్పినా, ముందు హెడ్‌ఫోన్ల సంగతి తేలనీ అంటాడు."

"అందుకేనా అక్కా, కప్పు అంత విసురుగా పెడతావు? కోపం ఉండదా మరి!"

ఆమె నన్ను తెల్లబోయి చూసింది. "కోపమేమిటి? నెమ్మదిగా పెడితే ఆయనకు తెలీదు ఉదగావా. తలెత్తి చూసేసరికి ఎదురుగా నేనుంటే ఉలిక్కిపడేవాడు. ఉలిక్కిపడి, తర్వాత సిగ్గుపడేవాడు. ఆ సిగ్గు నేను చూడలేకపోయాను. గట్టిగా పెడితే ఆ అదురుకైనా తెలుస్తుంది కదా టీ వచ్చిందని." డబ్బుల పెట్టె సర్దుతూ, "ఎన్ని కప్పులు బీటలిచ్చాయో! ఆ హోటలాయన చూసుంటే తలబాదుకునేవాడు" అని నవ్వేసింది.

నేను పెద్ద తొట్టి నీళ్ళలో మెడదాకా మునిగి కూర్చున్నాను. రెండేళ్ళుగా ఆమెను గయ్యాళి అనుకున్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను. పక్కనున్న ముసలాయన నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయా, కళ్ళు ఎర్రబడ్డాయి అన్నాడు. అవునన్నాను.

తర్వాతి సోమవారం చిసే అక్క తనూ బయల్దేరింది. మంచి బట్టలు కట్టుకుని, నన్నూ రమ్మంది. కురమోచి గారికి కాళ్ళు తడబడ్డాయి. ఇన్నేళ్ళలో ఆమె ఆ రికార్డింగు ఒక్కసారి కూడా వినలేదు. నా తప్పును నేనే వినాలా అనేదట.

దుకాణంలో ఆయనకు ఎదురుగా కూర్చుని, కొత్తవి ఆయనకిచ్చి, పాతవి తను పెట్టుకుంది. "ఏవండీ, ఈసారి మీరు చెయ్యి ఎత్తకండి. వినపడగానే నేను ఎత్తుతాను" అంది.

ఆయన బుద్ధిగా చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. పియానో ఆగిందని వాళ్ళ ముఖాలు చూస్తే తెలిసింది. ఆమె వేలు లేచింది. లేచినప్పుడు ఆమె రెండో చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. ఆయన ఆ వేలినే చూస్తూ ఉండిపోయారు. చెవికి ఏమీ అందలేదని ఆయన ముఖం మీద తెలిసిపోయింది. నేను తల తిప్పుకున్నాను.

"పాతవాటిలో ఉందా?" అన్నారు చివరికి.

"ఉందండీ. సిగ్గేసేంత బాగా ఉంది."

"అయితే పాపం, వీటి తప్పేమీ లేదన్నమాట."

"లేదండీ."

ఆయన పాతవాటిని మెల్లగా తువ్వాల్లో చుట్టారు. లేచి నగుమో గారికి నడుం వంచి నమస్కరించి, "మూడేళ్ళు మీ కుర్చీ అరగదీశాను, క్షమించండి. ఇప్పుడు నాకు కావలసింది మీ దగ్గర లేదు" అన్నారు. ఆవిడ ఇంకా కిందికి వంగి, "మీ కుర్చీ మీ కోసం ఉంటుందండీ" అంది. ఆ మాటకు నాకు ఆవిడ మీద గౌరవం పుట్టుకొచ్చింది.

చెవుల ఆసుపత్రిలో పరీక్షకు అద్దాల గదిలో కూర్చోబెట్టి తలకు హెడ్‌ఫోన్లు తగిలించారట. చప్పుడు వినపడితే మీట నొక్కమన్నారట. కురమోచి గారు ముందు ఆ హెడ్‌ఫోన్ల మెత్తలు అరిగిపోయాయని, మార్చాలని పాఠం చెప్పారట. చిసే అక్క అద్దం బయటినుంచి వేలు ఆడించి, "ఏవండీ, ఊహించి నొక్కకూడదు. వినపడితేనే!" అని బెదిరించిందట. అదంతా ఆమె చెప్పి నవ్వుతుంటే ఆయన కూడా నవ్వారు.

చెవిలో పెట్టుకునే మిషన్లు వచ్చిన మర్నాడు పొద్దున్న నేను మామూలుగా తోఫు తీసుకుని వెళ్ళాను. కురమోచి గారు పేపరు తిరగేస్తున్నారు. పేజీ తిప్పినప్పుడల్లా ముఖం చిట్లించి, ఈ కాగితం ఇంత గోల చేస్తుందా అని గొణుగుతున్నారు. చిసే అక్క వెనకనుంచి టీ తెచ్చింది. అలవాటు చొప్పున ఠపీమని పెట్టింది.

ఆయన చెవులు మూసుకున్నారు. "ఏమిటే అంత మోత! ఎప్పుడు నేర్చుకున్నావు ఈ మొరటుతనం? ఆ హోటలాయన ఉంటే..."

ఇన్నాళ్ళూ ఆమె కప్పు ఎందుకలా పెట్టిందో ఆయనకింకా తెలీదు. ఆమె చేతిలో పళ్ళెంతో అలాగే నిలబడిపోయింది. నేను చెప్పబోతే కళ్ళతోనే వద్దంది.

ఆయన ఆ కప్పునీ, ఆమె ముఖాన్నీ, మూలన పేర్చి ఉన్న బీటలిచ్చిన కప్పుల్నీ చూశారు. ఆ మోత ఎవరికోసమో అప్పుడు అర్థమైనట్టుంది. తర్వాత కప్పును తనే తీసి ఆమె చేతికిచ్చారు.

"మళ్ళీ పెట్టు చిసే. అప్పట్లా."

"అప్పట్లా అంటే చప్పుడు రాదండీ."

"ఆ రాత్రిలా."

ఆమె చిటికెన వేలు సాసర్‌కి ఆనించింది. కప్పు దించుతూ ఆయన వైపు చూసింది. చెయ్యి జారిందో, కావాలనే జార్చిందో నేను చెప్పలేను.

టింగ్ మంది. అది అయ్యాక కురమోచి గారి వేలు లేచింది.