మా బామ్మర్ది కచేరీలో నేను లేచి నిలబడిన సాయంత్రం

పెళ్లికి ముందు మగవాడికి తెలియని విషయమంటూ ఉండదు. ఆ రోజుల్లో నేనూ అలాంటి సర్వజ్ఞుణ్ణే. బోధన్‌లో ట్రాక్టర్ సామాన్ల దుకాణంలో పని చేసేవాణ్ణి. మా వైపు ఎవరి బరాత్ కదిలినా డీజే బండి ముందు రుమాలు తిప్పుతూ ఎగిరేవాళ్లలో మొదటివాణ్ణి నేనే. (మొదట అలసిపోయి గట్టు మీద కూలబడేవాణ్ణి కూడా నేనే, అది వేరే సంగతి.) ప్రధానం అయిపోయింది, పెళ్లికి ఇంకా వ్యవధి ఉంది. అలాంటప్పుడు కాబోయే ఆవిడ నిజామాబాద్ నుంచి ఫోన్ చేసి, "మా తమ్ముడు ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేస్తడు. శనివారం పొద్దుమూకి వాని ప్రోగ్రాం ఉన్నది. మీకు గసొంటివి ఇష్టమేనా?" అని అడిగింది. "ఇష్టమా? ఎలక్ట్రానిక్ అంటే పానమిస్త!" అనేశాను. ఎలక్ట్రానిక్ అంటే కరెంటుతో మోగేది, కరెంటుతో మోగేది డీజే. నా తర్కం అంత సూటిగా ఉండేది.

శనివారం మెరిసే నీలం చొక్కా తొడుక్కుని, జేబులో రుమాలు పెట్టుకుని నిజామాబాద్ బస్టాండులో దిగాను. ఆవిడ వాళ్ల బాపమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. (పెళ్లి కాకుండా ఇద్దర్నే పంపే ఇల్లు కాదు.) ముగ్గురం ఆటోలో వెళ్లి ఒక కాఫీ హోటల్ మేడెక్కాం. అక్కడ చిన్న గదిలో మసక దీపాలు, నేల మీద చాపలు, వాటి మీద ప్రార్థన కూటంలోలా కళ్లు మూసుకుని కూర్చున్న జనం. నేను మనిషెత్తు సౌండు డబ్బాల కోసం నలుదిక్కులా చూశాను. ఎదురుగా ఉన్న ఒక బల్లకు చెరో పక్కన ఒక్కో చిన్న స్పీకరు తప్ప ఏమీ లేవు. బాపమ్మకు ఎవరో కుర్చీ తెచ్చి ఇచ్చారు, మేమిద్దరం ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాం.

మొదట హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి వైర్లు చిక్కుపడ్డ ఆ బల్ల ముందు కూర్చుని, దాని మీది పెట్టెలకున్న ఏవో బిరడాలు తిప్పసాగింది. చెరుకు తోటలో ఓల్టేజీ చాలక బోరు మోటారు మూలిగినట్టు ఒకటే మూలుగు. కాసేపు చూసి బాపమ్మ వంగి నా చెవిలో, "పాట ఎప్పుడు షురువైతది బిడ్డా?" అంది. "గిది టెస్టింగ్ బాపమ్మా. అసలుది ఇంక ముందటున్నది" అని నేను పెద్దమనిషి తరహాలో ధైర్యం చెప్పాను. మూలుగు ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు, ఆ అమ్మాయి దండం పెట్టి వెళ్లిపోయింది. "అయిపోయినట్టున్నది గదా?" అంది బాపమ్మ. నేను చొక్కా గుండీలు సర్దుకున్నాను.

తర్వాత మా బామ్మర్ది వచ్చాడు. పిల్లవాడి చేతులు దూరానికే తెలిసేంతగా వణుకుతున్నాయి. ఆవిడ నా వైపు జరిగి, "అందరి ముందట వానికి గిదే మొదలు. పొద్దటి సంది అన్నం తినలే. ఏమైతడో ఏమో" అంది. ఆమె నాతో తన మనసులో దిగులు చెప్పుకోవడం అదే మొదటిసారి. కాబోయే భర్తగా ఏదో ఒకటి చేయకపోతే నా జన్మ ఎందుకు? సరిగ్గా అప్పుడే స్పీకర్లలోంచి ధన్ ధన్ ధన్ మని దెబ్బ పడింది. హమ్మయ్య, డీజే! నేను ఈల వేసి, గది నడుమకు ఉరికి, రుమాలు పైకెత్తి ఒక తిరుగుడు తిరిగాను. రెండో తిరుగుడుకు దెబ్బ ఆగిపోయింది. మిగిలింది సన్నటి గాలి చప్పుడు. నా చెయ్యి గాల్లోనే ఉంది. కూర్చుంటే పిల్లవాడి పాట బాగాలేదని నలుగురిలో చెప్పినట్టవుతుంది, నిలబడితే నేను పిచ్చివాణ్ణని చెప్పినట్టవుతుంది. దెబ్బ తిరిగొస్తుందన్న ఆశతో అలాగే ఉన్నాను. వచ్చింది, కానీ ఒక్కటే. "ధన్." నేను ఎగిరాను. మళ్లీ గాలి. చాలాసేపటికి ఇంకో "ధన్." మళ్లీ ఎగిరాను. కళ్లు మూసుకున్నవాళ్లందరూ కళ్లు తెరిచారు. కొందరు ఫోన్లు తీశారు. చివరకు వెనక నుంచి బాపమ్మ గొంతు గదంతా వినబడింది: "కూసో బిడ్డా, కాళ్లు గుంజుతయ్!"

కచేరీ అయ్యాక మెట్ల మీద తల దించుకుని నిలబడ్డాను. బామ్మర్ది వచ్చాడు. "మాఫ్ చెయ్యి తమ్మీ, నీ పాటంత ఖరాబ్ చేసిన" అన్నాను. వాడు నవ్వుతున్నాడు. "లేదు బావా! భయానికి నాకు బిరడాలే కనవడలే. నువ్వు లేసినంక అందరు నిన్నే సూసిండ్రు, నన్ను ఒక్కలు సూడలే. గప్పుడు నా చేతులు వణుకుడు బందైంది." అది పొగడ్తో కాదో తేల్చుకునేలోపు బాపమ్మ తీర్పు చెప్పేసింది: "పిలగాడు మంచోడే. జర ఆగవట్టుడు నేర్పాలె." కాబోయే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బస్టాండు దాకా నవ్వుతూనే ఉంది. బస్సెక్కేటప్పుడు మాత్రం, "మీరు లేసి మంచిగనే చేసిండ్రు" అంది, అటు తిరిగి.

ఇప్పుడు మా బామ్మర్ది కచేరీ ఎక్కడున్నా వెళ్తాం. నేనూ అందరిలా కళ్లు మూసుకుంటాను, ఎక్కడ చప్పట్లు కొట్టాలో బాగా తెలుసు. కొత్తగా వచ్చినవాళ్లు అయోమయంగా చూస్తే జాలిగా తల కూడా ఊపుతాను. ఇన్నేళ్లలో వచ్చింది తెలివో, వట్టి సిగ్గో తెలియదు గానీ, మొదటిసారి బల్ల ముందు కూర్చుని వణికే పిల్లలు కనిపిస్తే ఇప్పటికీ మోకాళ్లు లేవాలని చూస్తాయి. పక్కన ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేస్తుంది. ఆపడానికో, లేవమనడానికో నేనెప్పుడూ అడగలేదు.