తడి తువ్వాల

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే "ఒక్కదాన్ని చూపించు, చాయ్ తాగిస్తా" అనే రకం నేను. బొగ్గు కాల్చి కరెంటు తీసే ప్లాంటులో ఉద్యోగం. మా దగ్గర వింత శబ్దం వస్తే మీటరు చూస్తాం గానీ తాయెత్తు కట్టం. ఇప్పుడు చెప్పబోయేది దెయ్యం కథ అని కూడా నేననను. జరిగింది జరిగినట్టు చెప్తాను, ఆపైన మీ ఇష్టం.

మాది రాయచూరు పక్కనున్న ప్లాంటు కాలనీ. నాన్న ఉద్యోగం కోసం మహబూబ్‌నగర్ వైపు నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. ఆయనకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం, దుమ్ము పడదు. అందుకని ఎక్కడికి వెళ్లినా ఎర్ర గళ్ల తువ్వాల తడిపి, పిండి, ముక్కూ నోరూ మూసేలా కట్టి తల వెనక ముడి వేసుకునేవాడు. పెళ్లిళ్లకు వెళ్లినా అదే వేషం. "మీ నాయిన దొంగలెక్క వస్తున్నడు" అని కాలనీ పిల్లలు నన్ను ఏడిపించేవాళ్లు.

ఆ ముడి కూడా వింత ముడి. ఎప్పుడో దెబ్బ తగిలి ఆయన కుడి బొటనవేలు వంగేది కాదు. తన చేతికి వచ్చినట్టు వేసుకునేవాడు. మేం విప్పబోతే ఇంకా బిగిసేది. సాయంత్రం ఇంటికి రాగానే గుమ్మంలో మెడ వంచి నిలబడేవాడు. అమ్మ చూడకుండానే ఒక కొస పట్టి లాగేది, ఊడిపోయేది. ఆయన పొడుగ్గా ఒక ఊపిరి వదిలేవాడు. "ఇగ పో, కాళ్లు కడుక్కో" అనేది అమ్మ. నా చిన్నతనమంతా ఇంట్లో రోజూ ఇదే తంతు.

నా పెళ్లికి ముందే నాన్న పోయాడు. తువ్వాల మూల చిరిగితే అమ్మ ఎప్పుడో నీలం దారంతో కుట్టింది. ఆ తువ్వాలనే ఆయన మెడలో వేసి సాగనంపింది. చితికి నిప్పు పెట్టింది నేనే.

ఇక కారు సంగతి. హైదరాబాద్‌లో రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు ఒకటి ఇష్టపడి కొన్నాను. "నలుగురు కూసోరాని కారెందుకురా?" అంది అమ్మ. కొన్నాక చేతులు ఊరుకుంటాయా? దానికి కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ తెప్పించాను. ఇంజన్‌కు గాలి వెళ్లే మామూలు పెట్టెను తీసేసి, దాని చోట లావుపాటి గొట్టం పెడతారు. గొట్టం చివర మూత లేని ఫిల్టరు బానెట్ కింద, బంపర్ వెనక వేలాడుతుంది. బయటి చల్లగాలి నేరుగా అందుతుంది కాబట్టి బండి హుషారుగా లాగుతుంది.

చిన్ననాటి దోస్తు ఖాజాకు రాయచూరులో మెకానిక్ షెడ్డుంది. అక్కడ ఇద్దరం కలిసి బిగించాం. మా కాలనీలో కారు కడిగేటప్పుడు ముందే నీళ్లు పోయరు. పొడిగుడ్డతో బూడిద దులిపాకే తడిగుడ్డ పెడతారు. అలాంటి చోట తెరిచిన ఫిల్టరును రోడ్డుకు అంత దగ్గరగా పెట్టడం బుద్ధున్న పని కాదు. ఖాజా అన్నాడు కూడా.

"అరె భాయ్, గింత దుమ్ముల నోరు తెరిచి పెడ్తున్నవ్. మీ నాయిన ఉంటే దీని మూతికి గూడ తువ్వాల కట్టేటోడు."

ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఆ గొట్టం బుస్సుమని గాలి పీల్చేది. నాకు ఆ చప్పుడు భలే నచ్చింది. అమ్మకే నచ్చలేదు. మీ నాయినకు ఆయాసమొచ్చినట్టే ఉంది అని మొహం తిప్పుకునేది.

మా పాపకు అప్పుడు ఆరేళ్లు. తాతను చూడలేదు గానీ తాత ఉబ్బసం మాత్రం వచ్చింది. ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. నా భార్య పక్క తాలూకా మాన్విలో బ్యాంకు ఉద్యోగి, డ్యూటీలో ఉంది. పాపకు ఆయాసం ఎక్కింది. మందు పీల్పించే మిషను పెడదామంటే కరెంటు పోయింది. ఊళ్లకు ఊళ్లకే కరెంటిచ్చే చోట మాకు కరెంటు లేదు! పాప పెదవులు నీలంగా మారుతున్నాయి. అమ్మ పాపను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. రాయచూరు ఆస్పత్రికి బయల్దేరాను.

రోడ్డు కనిపించడం లేదు. లారీలన్నీ పక్కకు ఆగిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది, నోరు తెరుచుకుని ఉన్న ఆ ఫిల్టరు. అది దుమ్ముతో మూసుకుపోతే బండి ఆగిపోతుంది. దారిలో ఆగితే పాప దక్కదు. నా జన్మలో అంత భయపడలేదు. అనుకున్నంతా అయింది. ఇంజన్ దగ్గడం మొదలుపెట్టింది, ఆగిపోబోయింది. "నాయినా!" అన్నాను. కష్టంలో ఎవరైనా అనే మాటే.

ఆ బుస తగ్గిపోయింది. ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు చప్పుడు మెత్తబడింది. ఇంజన్ దగ్గు కూడా ఆగింది. బండి ఒక్క తీరుగా ఆస్పత్రి గేటు దాకా లాగింది. నేను మధ్యలో ఎక్కడా ఆపలేదు, దిగలేదు.

పాపకు ఆక్సిజన్ పెట్టారు. చాలాసేపటికి కళ్లు తెరిచి బిస్కెట్టు అడిగింది. నేను బయటికొచ్చి గోడకానుకుని ఏడ్చేశాను.

ఫోన్ చేస్తే ఖాజా వచ్చాడు. ఇద్దరం బానెట్ ఎత్తాం. ఫిల్టరు మూతికి ఎర్ర గళ్ల తువ్వాల కట్టి ఉంది. దాని మీద మందంగా దుమ్ము పేరుకుంది. దుమారం తగ్గాక బండి ఎండలోనే ఉంది, బానెట్ మీద చెయ్యి పెట్టలేం. తువ్వాల మాత్రం అప్పుడే తడిపి పిండినట్టు చల్లగా ఉంది.

ఆ పొద్దున ఆయిల్ చూద్దామని బానెట్ తెరిచింది నేనే. అప్పుడక్కడ ఏమీ లేదు. అయినా నీ పనేనా అని ఖాజా మీద విరుచుకుపడ్డాను. వాడి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అల్లా కసం, నేను గాదు. తడిబట్ట గట్టిగ కడితే ఇంజన్‌కు గాలే అందదు. గింత దూరం ఎట్ల వస్తది?"

ముడి విప్పబోయాం. బిగుస్తోందే తప్ప రాలేదు. ఇంతలో పాప నిద్రపోయిందని చెప్పడానికి అమ్మ వచ్చింది. తువ్వాల మూలన ఉన్న నీలం దారం కుట్టును చూసింది. భయపడలేదు. "యాడున్నా ఈయనకు నిమ్మళం లేదు" అని కొంగుతో కళ్లొత్తుకుంది. చెయ్యి చాపి, చూడకుండానే ఒక కొస పట్టి లాగింది. ఊడిపోయింది.

అది గాలిని లోపలికి పీల్చే గొట్టం. బయటికి వదలదు. పైగా ఇంజన్ ఆపి ఎంతోసేపయింది. అయినా ఆ గొట్టంలోంచి పొడుగ్గా ఒక ఊపిరి బయటికొచ్చింది. ఖాజా కూడా విన్నాడు. ఇప్పటికీ ఆ మాటెత్తితే లేచి వెళ్లిపోతాడు.

పాపను ఇంటికి తెచ్చుకున్నాక పాత గాలిపెట్టెను మళ్లీ బిగించేశాను. తువ్వాల అమ్మ దగ్గరే ఉంది, దుమారం లేస్తే పాపకు కడుతుంది. దెయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. నా చేత్తో నేను కాల్చిన బట్ట ఎలా తిరిగొచ్చిందని మాత్రం ఇంకా లెక్కలు వేస్తూనే ఉన్నాను.

అమ్మ ఏ లెక్కా వేయలేదు. ఆ రోజు బానెట్ మూస్తూ, ఎప్పుడూ అనేటట్టే అంది.

"ఇగ పో, కాళ్లు కడుక్కో."